మోటారుకు జ్వరం వస్తే

(మన సంఘం మాసపు సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘ కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు వెనుకాడాను. ఈ వేదిక మీద కవులు, ఉపాధ్యాయులు, హరిదాసులు మాట్లాడారు. నేను మెట్రిక్ ప్యాసై రైల్వే పార్సెలు ఆఫీసులో గుమాస్తాగా చేరినవాణ్ణి. మూటలు తూయించడం, రశీదులు రాయడం నా విద్య. కాని ఒక సంగతి ఆలోచించి ఒప్పుకున్నాను. మన తాతలు కరీంనగరం, నల్లగొండ జిల్లాల నుండి మిల్లు పనులకు ఈ బొంబాయి వచ్చి చాల్ గదులలో కాపురాలు పెట్టారు. ఈనాడు మనలో చాలామందిమి మేడలలో ఉన్నాం. చాల్‌లో కుళాయి దగ్గర కలుసుకునేవాళ్లం. మేడలో లిఫ్టు దగ్గర కలుసుకుంటున్నాం. ఆ లిఫ్టు ఆగితే అయిదో అంతస్తులోని ముసలమ్మకు ప్రపంచమే ఆగిపోతుంది. అందుచేత మా మేడ లిఫ్టు మోటారు వేడెక్కిన వృత్తాంతం మీ ముందు పెడుతున్నాను. అందులో నా తప్పు కూడా ఒకటి ఉన్నది. దానిని దాచను.

ఉగాది దగ్గరపడుతున్నది. పంచాంగ శ్రవణంలో ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు చెబుతారు కదా! లిఫ్టుకు కూడా జాతకం రాస్తే, మా దానికి ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు. అవమానం యావత్తూ సొసైటీ కార్యదర్శిది. ఆ కార్యదర్శిని నేనే.

మాది ఏడంతస్తుల మేడ. ఆరుగురు పట్టే లిఫ్టు. మన దేశపు ప్రమాణాల ప్రకారం మనిషికి 68 కిలోల చొప్పున లెక్క. ఆరుగురికి 408 కిలోలు. మోటారు 5 హార్స్‌పవరుది. మోటారు తిరుగుడు వార్మ్ గేరు ద్వారా నెమ్మదించి పెద్ద చక్రానికి అందుతుంది. ఆ చక్రం మీది ఇనుప తాళ్లకు ఒక కొసన మనం ఎక్కే పెట్టె, రెండో కొసన ఇనుప దిమ్మలు. పాతకాలపు పద్ధతే, కాని ఎన్నో ఏళ్లుగా నమ్మకంగా నడిచింది.

2024 దసరాకు ఆ లిఫ్టుకు లోపల సింగారం చేయించాం. కింద గ్రానైటు పరిచాం. గోడలకు నగిషీ పలకలు, వెనుక నిలువెత్తు అద్దం. గ్రానైటు ఖర్చు మా మూడో అంతస్తు పెద్దాయన భరించారు. ఆయన మిల్లులో పనిచేసి విరమించినవారు. భార్య పోయి ఏడాదయింది. ఆమె జ్ఞాపకార్థం తానే ఇస్తానన్నారు. గుమ్మం పక్కనున్న రాతి మీద ఆమె పేరు చెక్కించారు. అందరం చప్పట్లు కొట్టాం.

నవంబరులో లిఫ్టు ఆగడం మొదలుపెట్టింది. పావుగంట ఊరుకుంటే మళ్లీ నడిచేది. మోటారు గదిలోని ఓవర్‌లోడ్ రిలే పడిపోతున్నదని మెకానిక్కు చెప్పాడు. ఈ రిలే అనేది మోటారుకు కాపలాదారు. మోటారు తాను మోయగలిగిన దానికంటె ఎక్కువ కరెంటు కొంతసేపు లాగితే, రిలే గ్రహించి సరఫరా తెంపివేస్తుంది. మా మోటారు పలక మీద రాసినది 9 ఆంపియర్లు. రిలే కూడా అక్కడనే పెట్టి ఉన్నది.

ఇక నింద ఎవరి మీద వేయాలన్నది మా చర్చ. పిల్లలు బొత్తాలు నొక్కి ఆడుతున్నారన్నారు కొందరు. పనికి వచ్చే అక్కలు పదిసార్లు ఎక్కి దిగుతున్నారన్నారు మరికొందరు. కమిటీ తీర్మానించింది, నేను సంతకం పెట్టాను: పనివారు మెట్లెక్కవలెను. ఏడో అంతస్తులో గిన్నెలు తోమే ఆమె నడుము పట్టుకుని మెట్లెక్కుతుంటే చూసి తల తిప్పుకున్నాను. అయినా లిఫ్టు ఆగడం మానలేదు.

అప్పుడు నేను చేసిన తప్పు ఇది. ఒక రాత్రి అందరూ నా మీద కేకలు వేస్తే, బయటి మెకానిక్కును పిలిచి, “ఆ రిలేని కొంచెం పైకి తిప్పు” అన్నాను. అతడు 9 నుండి 12కు తిప్పాడు. నాలుగు రోజులు లిఫ్టు చక్కగా నడిచింది. నన్ను మెచ్చుకున్నారు కూడా. అయిదోనాటి సాయంత్రం మోటారు గదిలోంచి వార్నిషు కాలిన వాసన వచ్చింది. నాలుగు, అయిదు అంతస్తుల నడుమ లిఫ్టు నిలిచిపోయింది. లోపల ఒక ముసలమ్మ, ఆమె మనుమరాలు. నలభై నిమిషాలు చీకటిలో ఉన్నారు.

పెట్టె కిందికి జారలేదు. ఎందుకు జారలేదో మీరు తెలుసుకోవాలి. లిఫ్టు బ్రేకును పట్టి ఉంచేది స్ప్రింగు, విడిపించేది కరెంటు. కరెంటు పోతే బ్రేకు తనంత తానే పట్టుకుంటుంది. తాళ్లు తెగినా పట్టుకునే ఏర్పాటు వేరే ఉన్నది. దానిని ఎలిషా ఓటిస్ అనే ఆయన న్యూయార్కు ప్రదర్శనశాలలో 1854లో తాను నిలబడిన వేదిక తాడు కోయించి చూపాడు. కనుక చిక్కుకున్నవారికి లోపలనే క్షేమం. తలుపు పగలదీసి దూకబోయేవారికే ప్రాణాపాయం. మేమూ తలుపు ముట్టలేదు; లైసెన్సు ఉన్న మనుషులు వచ్చి దించారు. ఆ మనుమరాలు ఇప్పటికీ లిఫ్టు ఎక్కనంటుంది. అది నా ఖాతాలోనిది.

మోటారు తీగచుట్టలు కాలినవి. సొమ్ము పోసి కొత్తగా చుట్టించాం. రిలేని మళ్లీ 9కి తెచ్చాం. 2025 జనవరిలో బిగించాం. ఫిబ్రవరిలో మళ్లీ అదే కథ! చుట్ట కొత్తదే, వేడి పాతదే.

అప్పుడు నాకు మా రైల్వే బుద్ధి గుర్తుకు వచ్చింది. బండి స్టేషను దాటి పోతూ ఉంటే సిబ్బంది రెండు వైపులా నిలబడి చక్రాలకేసి చూస్తారు. ఇరుసు పెట్టె కాగి పొగ వస్తుంటే దానిని హాట్ యాక్సిల్ అంటాం. బండి ఆపుతాం. ఆ బండిపెట్టెను విడదీస్తాం. ఎందుకు కాగిందో విచారిస్తాం. పొగ కనబడకుండా గోనెపట్టా కప్పి బండి వదిలినవాడు ఉంటాడా? నేను లిఫ్టు దగ్గర చేసింది సరిగ్గా అదే. జ్వరం వచ్చినవాడి దగ్గర థర్మామీటరు పగులగొట్టినట్లయింది.

మోటారు వేడి గురించి రెండు సూత్రాలు చెబుతాను. ఇవి ఇంట్లో నీళ్ల పంపుకు కూడా వర్తిస్తాయి. మొదటిది: తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు. అందుకనే 9 నుండి 12 అనేది చిన్న మార్పు కాదు. సుమారు ముప్పాతిక వంతు వేడి అదనం. రెండవది: తీగల మీది పూతకు ఒక హద్దు ఉన్నది. ఎఫ్ తరగతి పూతకు 155 సెంటీగ్రేడు డిగ్రీలు, బి తరగతికి 130. ఆ హద్దు దాటి నడిపితే ప్రతి పది డిగ్రీలకూ పూత ఆయువు సగం సగంగా తరిగిపోతుందని ఇంజనీర్ల మోటు లెక్క. ఇంకొక మాట. మోటారు ఒళ్లు 70 డిగ్రీలుంటే చేయి పెట్టలేం, కాని మోటారుకు అది సహజమే కావచ్చు. చేయి కాలింది గనుక మోటారు చెడిందనరాదు, కొలత చూడాలి.

మరి వేడి ఎక్కడి నుండి వస్తుంది? నాకు తెలిసివచ్చినంతలో దారులు అయిదు. సరఫరా, గాలి, రాపిడి, ఊరక ఆగి మొదలవడం, బరువు.

సరఫరా అంటే మూడు ఫేజులూ సమానంగా ఉండాలి. వోల్టేజిలో నూటికి మూడున్నర తేడా వస్తే మోటారు వేడి నూటికి పాతిక వంతు దాకా పెరగగలదు. ఒక ఫేజు పూర్తిగా పోతే తక్కిన రెండూ ఆ భారం మోస్తూ త్వరలో మాడతాయి. గాలి అంటే మోటారు గది కిటికీ, మోటారు పంకా. మేడ మీది ఆ గదిలో పాత సామాను కుక్కి కిటికీ మూసినవాళ్లం ఎందరమో! రాపిడి అంటే బ్రేకు పూర్తిగా విడవక ఈడ్చుకోవడం, గేరులో నూనె తగ్గడం, బేరింగు అరగడం. బ్రేకు ఈడిస్తే దాని డ్రమ్ము కాగి, కాలిన వాసన వస్తుంది. మొదలవడం అంటే, పాతరకం మోటారు కదలబోయేటప్పుడు మామూలు కరెంటుకు ఎన్నో రెట్లు లాగుతుంది. గంటకు ఇన్నిసార్లని దానికి హద్దు ఉన్నది. కొత్తరకం లిఫ్టులలో వేగాన్ని మెల్లగా పెంచే ఎలక్ట్రానిక్ డ్రైవు ఉంటుంది గనుక ఆ దెబ్బ తక్కువ. కాని అక్కడ వేరే చిక్కు ఉన్నది. ఇరుసుకే బిగించిన పంకా అయితే, మోటారు మెల్లగా తిరిగేటప్పుడు అదీ మెల్లగా తిరిగి గాలి చాలదు. అందుచేత వాటికి విడిగా పంకా పెడతారు. ఆ పంకా ఆగినా ఎవరూ గమనించరు.

మా సర్వీసు ఇంజనీరు వచ్చి ఇవన్నీ వరుసగా చూశారు. మూడు ఫేజులూ సమానం. బ్రేకు శుభ్రంగా విడుతున్నది. నూనె నిండుగా ఉన్నది. కిటికీ తెరిచే ఉన్నది. మెగ్గరు పెట్టి చూస్తే తీగల పూత కూడా బాగున్నది. “మరి ఎప్పుడు ఆగుతున్నది?” అని అడిగారు. “ఎప్పుడు పడితే అప్పుడు” అన్నాం. ఆయన నవ్వి, “ఆ మాట పనికిరాదు, రాసిపెట్టండి” అని వెళ్లారు.

రాయడం నా వృత్తి. కావలివాని బల్ల మీద పద్దు పుస్తకం పెట్టాం. ఆగిన వేళ, పైకి పోతున్నదా కిందికి వస్తున్నదా, లోపల ఎందరు. ఇంతే, మూడు గళ్లు. పన్నెండు రోజులలో పందొమ్మిదిసార్లు ఆగింది. పుస్తకం ముందు పెట్టుకుని చూస్తే నాకు ఒళ్లు జలదరించింది. పందొమ్మిదీ సాయంత్రం ఏడు, తొమ్మిదిన్నరల మధ్యనే! పొద్దున ఒక్కటీ లేదు. అన్నీ పైకి పోతుండగానే. మరి పనికి వచ్చే అక్కలు వచ్చేది పొద్దున. పిల్లలు ఆడేది అయిదు గంటలకు. మేము మెట్లెక్కించినవారిలో ఒక్కరికీ ఆ పాపంతో సంబంధం లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున అందరూ ఉద్యోగాలకు దిగుతారు: నిండు పెట్టె కిందికి, ఖాళీ పెట్టె పైకి. సాయంత్రం తిరిగివస్తారు: నిండు పెట్టె పైకి, ఖాళీ పెట్టె కిందికి. ప్రయాణాలు రెండు పూటలా దాదాపు సమానమే. సాయంత్రం మాత్రమే మోటారుకు ప్రాణం మీదికి ఎందుకు వస్తున్నది? పెట్టె బరువెక్కి ఉండాలి. తూకపు కాటా ముందు కూర్చునేవాడికి అంతకంటె ఏం తోస్తుంది?

లిఫ్టు అంటే త్రాసు. ఒక తట్టలో పెట్టె, రెండో తట్టలో దిమ్మలు. దిమ్మల బరువు ఖాళీ పెట్టె బరువుకు నిండు బరువులో సుమారు సగం కలిపినంత ఉంచుతారు. మా లిఫ్టుకు ఆ సగం 204 కిలోలు. నిండుగా పైకి పోయినా మోటారు ఎత్తవలసిన తేడా 204. ఖాళీగా కిందికి వచ్చినా దిమ్మలను పైకి లాగవలసిన తేడా 204. రెండు పూటలకూ సరిసమాన న్యాయం. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి!

ఇప్పుడు సింగారం తూచుదాం. పెట్టె నేల 1.1 మీటర్లు పొడవు, 1 మీటరు వెడల్పు. రెండు సెంటీమీటర్ల గ్రానైటు సుమారు 60 కిలోలు. కింద సిమెంటు 40. గోడల పలకలు 45. అద్దం 15. మొత్తం 160 కిలోలు. దిమ్మలకు ఎవరూ ఒక్క కిలో కలపలేదు. అనగా నిండు పెట్టె పైకి పోయేటప్పుడు తేడా 204 కాదు, 364. కరెంటు కూడా ఆ పాళ్లలోనే పెరిగితే వేడి మూడింతలు. పొద్దున మాత్రం బరువైన పెట్టె కిందికి దిగుతుంది, తేలికైన తేడాతో ఖాళీది పైకి వస్తుంది గనుక మోటారుకు శ్రమ లేదు. కంటికి కనబడకుండా రోజంతా ఇద్దరు బరువైన మనుషులను, ఒక పిల్లవాణ్ణి లిఫ్టులో నిలబెట్టి ఉంచామన్నమాట!

ఇంజనీరుగారికి ఫోనులో చెబితే, “సందేహం తీర్చుకోవడం తేలిక, సగం బరువు వేసి నడిపిద్దాం” అన్నారు. అన్నదానానికి తెప్పించిన పాతిక కిలోల బియ్యం బస్తాలు ఎనిమిది ఉన్నవి. 200 కిలోలు. అవి లిఫ్టులో పేర్చి, ఎవరినీ ఎక్కించకుండా నడిపించారు. త్రాసు సరిగా ఉంటే, పెట్టె నడిమి అంతస్తు దాటేటప్పుడు పైకి పోయినా కిందికి వచ్చినా కరెంటు ఒకటే ఉండాలి. టాంగ్ టెస్టరు పెట్టి చూస్తే పైకి 7 ఆంపియర్లు, కిందికి నాలుగున్నర. త్రాసు ఒరిగి ఉన్నది.

పరిష్కారాలు రెండు. దిమ్మలు కలపడం ఒకటి. కాని అప్పుడు తాళ్ల మీద, బ్రేకు మీద, రక్షణ పరికరం మీద మొత్తం బరువు పెరుగుతుంది. అవన్నీ మళ్లీ లెక్కకట్టి చూడాలి. మా పాత యంత్రానికి అది వద్దని ఇంజనీరుగారు సలహా ఇచ్చారు. రెండోది, సింగారం తీసివేయడం.

ఇక్కడ మా అందరికీ నోరు పడిపోయింది. ఆ రాతి మీద ఒక పేరు ఉన్నది. పెద్దాయన ప్రతిరోజూ లిఫ్టు ఎక్కగానే ఒకసారి కిందికి చూసుకోవడం మేమందరం ఎరుగుదుం. “ఇంకో వెయ్యి రూపాయలు పోతే పోయె, ఇంకేదైనా దారి చూద్దాం” అన్నారు కమిటీవారు. నన్ను వెళ్లి చెప్పమని ఎవరూ అనలేదు. నేనే వెళ్లాను. పద్దు పుస్తకం పట్టుకుని వెళ్లి, బియ్యం బస్తాల సంగతి అంతా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నారు:

“బిడ్డా, ఆమె కడపటి రెండేండ్లు మోకాళ్ల నొప్పులతోటి మెట్లెక్కలేక ఏడ్చింది. అందుకనే లిఫ్టుల ఆమె పేరు పెట్టిన. ఆ రాయి వల్లనే ఇంకో ఆడిమనిషి మెట్లెక్కుతున్నదంటే ఆమె ఒప్పుకుంటదా? తియ్యుండ్రి.”

మరునాడే రాయి, సిమెంటు, పలకలు తీశాం. నేలకు పలుచని రబ్బరు పట్టా వేశాం. అద్దం ఒక్కటి ఉంచాం. మళ్లీ బియ్యం బస్తాలు ఎక్కించి చూస్తే పైకి, కిందికి ఇంచుమించు 5 ఆంపియర్లే. ఆ నాటి నుండి రిలే ఒక్కసారి పడలేదు. అది 9 దగ్గరనే ఉన్నది. రాతిని కింది అంతస్తులో లిఫ్టు తలుపు ఎదుట అరుగుగా కట్టించాం. కూరల సంచీలతో వచ్చినవారు దాని మీద కూర్చుంటున్నారు. పేరు ఎదుటనే కనబడుతుంది.

మెట్లెక్కవలెనన్న తీర్మానాన్ని రద్దు చేశాం. రద్దు చేసిన కాగితం గోడకు అంటిస్తే చాలదనిపించింది. ఏడో అంతస్తులో పనిచేసే ఆమెకు నేనే చెప్పి, మన్నించమన్నాను. ఆమె, “లిఫ్టు బాగయింది కదా సాహెబ్, అంతే చాలు” అన్నది. నన్ను అంతకంటె గట్టిగా ఎవరూ చీవాట్లు పెట్టలేదు.

సొసైటీలు నడుపుతున్న సోదరులకు నాలుగు మాటలు మనవి చేసి ముగిస్తాను. మోటారు గది తాళం మీ దగ్గర ఉన్నంత మాత్రాన లోపలికి వెళ్లవద్దు. ఆ పని లైసెన్సు ఉన్నవారిది. బొంబాయిలో లిఫ్టులకని వేరే చట్టం 1939లోనే చేశారంటే ఎందుకో ఆలోచించండి. మీ పని బయటనే ఉన్నది: ఎప్పుడు ఆగింది, ఎటు పోతున్నది, ఎందరున్నారు అని రాసిపెట్టడం. మోటారు కొత్తగా చుట్టించే ముందు పాతది ఎందుకు కాలిందో రాతపూర్వకంగా అడగండి. లిఫ్టులో రాయి, అద్దం, పలక ఏది పెట్టదలచినా ముందు దాని తూకం ఇంజనీరుకు చెప్పండి. ఎవరు ఎంత బ్రతిమాలినా రిలే జోలికి పోవద్దు.

కడపటి మాట. వేడి మనకు శత్రువు కాదు. లోపల ఏదో సరిగా లేదని వచ్చి చెప్పే వార్తాహరుడు. నేను ఆ వార్తాహరుని నోరు నొక్కి ఒక మోటారును కాల్చాను, ఒక పసిపిల్లను భయపెట్టాను. నింద వేయడానికి మనుషుల కోసం వెతికినన్నాళ్లూ కారణం మా కాళ్ల కిందనే పడి ఉన్నది. ఒక్క పద్దు పుస్తకం ముందే పెట్టి ఉంటే ఇదంతా తప్పేది.

 రాబోయే సంవత్సరం మీ ఇళ్లలోని తాతమ్మలకు, నాయనమ్మలకు మెట్లు ఎక్కే శ్రమ లేకుండా గడవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.